ముదురు రంగు కిచెన్ షట్టర్లు: వేలిముద్రలు కనిపించని ఫినిష్ ఏది?

ప్రశ్న

కింది క్యాబినెట్లకు ముదురు నీలం గానీ బొగ్గు రంగు గానీ వేయించాలనుకుంటున్నాం. హ్యాండిల్స్ లేకుండా, నొక్కితే తెరుచుకునే పుష్ ఓపెన్ షట్టర్లు. పక్కనే కిటికీ ఉంది, వెలుతురు షట్టర్ల మీద ఏటవాలుగా పడుతుంది. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. గ్లాసీ మీద చెయ్యి పెడితే చాలు మరక పడుతుందంటున్నారు. మాట్ తీసుకుంటే సరిపోతుందా? యాంటీ ఫింగర్‌ప్రింట్ అని అమ్మే లామినేట్లలో నిజంగా తేడా ఉంటుందా, ఉత్త పేరేనా?

జవాబు 1

మాట్ అయినంత మాత్రాన సరిపోదండి. గ్లాసీ మీద వెలుగు అద్దం మీద పడ్డట్టు ఒకే దిశలో తిరిగొస్తుంది. వేలి జిడ్డు అంటిన చోట అది చెదిరి, ముద్ర మసకగా తేలుతుంది. మామూలు మాట్ మీద దీనికి తలకిందులు. పైకి కనపడని గరుకులో జిడ్డు నిండి ఆ భాగం నునుపెక్కుతుంది, తడిసినట్టు ముదురుగా కనిపిస్తుంది. పైగా గ్లాసీ మీది జిడ్డు తుడిస్తే పోతుంది, గరుకులోకి దిగింది ఒక పట్టాన రాదు. అందుకే ముదురు రంగు మామూలు సూయెడ్ (మాట్ రకం) లామినేట్ చాలాసార్లు గ్లాసీ కంటే ఎక్కువ విసిగిస్తుంది.

యాంటీ ఫింగర్‌ప్రింట్‌లో మంచి రకాలు నిజంగానే వేరు. మామూలు లామినేట్ పైపొర మెలమైన్ రెజిన్. ఫెనిక్స్ అనే బ్రాండ్ లాంటి వాటికి పైన యాక్రిలిక్ రెజిన్ పూసి ఎలక్ట్రాన్ బీమ్‌తో గట్టిపరుస్తారు. లక్కర్ (పెయింట్ లాంటి పూత) వేసిన బోర్డుల్లో ఎక్సైమర్ పద్ధతి ఉంది: 172 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి తగిలి పూత పైపొర సన్నగా ముడతలు పడుతుంది, మాట్ పొడి కలపకుండానే మెరుపు పోతుంది. మెరుపును 60 డిగ్రీల కోణంలో కొలిస్తే ఇలాంటివి సాధారణంగా 5 యూనిట్ల లోపు ఉంటాయి, గ్లాసీ యాక్రిలిక్ 85 పైనే. అయితే ముద్ర అసలు పడదని అనుకోకండి. పలచగా పడుతుంది, తేలిగ్గా పోతుంది, అంతే.

జవాబు 2

ఫినిష్ సంగతి తర్వాత, ముందు పుష్ ఓపెన్ మానుకోండి. దానికి తెరిచేటప్పుడూ ముఖం మీదే నొక్కాలి, మూసేటప్పుడూ నొక్కాలి. రోజంతా అదే చోట అదే చెయ్యి. ఎంత మంచి పూత అయినా అక్కడ జిడ్డు పేరుకుంటుంది. హ్యాండిల్ కనపడకూడదంటే వేళ్ళు దూరే గాడి ఉండే పట్టీలు, అంటే జె ప్రొఫైల్ గానీ గోలా ప్రొఫైల్ గానీ పెట్టించండి, వేళ్ళు షట్టర్ పై అంచు వెనక్కి వెళ్తాయి. ప్రొఫైల్ రంగు మాత్రం లేత అల్యూమినియం లేదా బ్రష్డ్ స్టీల్ తీసుకోండి. నల్ల ప్రొఫైల్ పెడితే మరకలు షట్టర్ మీంచి దాని మీదికి మారతాయి తప్ప తగ్గవు.

రంగు విషయంలో నా మాట: ముదురు నీలం పై క్యాబినెట్లకు, పొడుగు యూనిట్లకు పెట్టి, కిందికి మధ్యరకం చెక్క రంగు వేయండి. పిల్లల చేతులు అందేది కింది వరుసే. చెక్క గీతల్లో రంగు అడుగడుగునా మారుతుంది కాబట్టి ముద్ర కంటికి ఆనదు. గీతలు మరీ లోతుగా ఉన్నవి పొయ్యి పక్కన వద్దు, వాటిలో నూనె ఆవిరి పట్టి దుమ్ము అతుక్కుంటుంది.

ప్రశ్న అడిగినవారు

ప్రొఫైల్ మాట బాగుంది, అలాగే మారుస్తాం. మా కార్పెంటర్ లామినేట్ బదులు పీయూ (పాలీయూరితేన్) మాట్ పెయింట్ చేద్దామంటున్నారు. ముదురు రంగులో నిలుస్తుందా?

జవాబు 1

మెరుపు బొత్తిగా లేని పీయూ మాట్ ముదురు రంగులో వద్దండి. చాలావాటిలో మెరుపు తగ్గించడానికి సిలికా పొడి కలుపుతారు. చేతులు రాసుకునే చోట, పదేపదే తుడిచే చోట పైపొర అరిగి పాలిష్ పట్టినట్టు మెరుస్తుంది. అది మురికి కాదు కాబట్టి తుడిచేకొద్దీ ఇంకా పెరుగుతుంది. పీయూయే కావాలంటే 20 నుంచి 30 యూనిట్ల మెరుపుండే శాటిన్ అడగండి, తేడా తక్కువ తెలుస్తుంది. దీనిలో ఉన్న మేలు ఒక్కటే: పాడైతే గీకి మళ్ళీ స్ప్రే చేయొచ్చు. లామినేట్‌కు ఆ వీలు లేదు. ఫెనిక్స్ రకంలో సన్నని గీతలు మాత్రం తడి పేపర్ మీద వేడి ఇస్త్రీపెట్టె కాసేపు పెడితే మూసుకుంటాయి, లోతైన గాటు పోదు.

జవాబు 3

కేటలాగ్‌లోని చిన్న ముక్క చూసి ఎంచుకోకండి. కనీసం ఏ4 కాగితమంత శాంపిల్ తెచ్చి, మీ కిటికీ పక్కన నిలువుగా పెట్టండి. బల్ల మీద పడుకోబెడితే వెలుగు వేరే కోణంలో పడి మోసపోతారు. వేలిని ముక్కు పక్కన రుద్ది శాంపిల్ మీద గట్టిగా అదమండి. ఫోన్ టార్చ్ పక్కనుంచి వేసి చూడండి. పొడి మైక్రోఫైబర్ గుడ్డతో, తర్వాత తడిదానితో తుడవండి. ఒకటి రెండు తుడుపులకే పోతే మంచిదే, జిడ్డు పక్కకి సాగితే వదిలేయండి. ఇంకో మూల ఒక చుక్క వంటనూనె రాత్రంతా ఉంచండి. మరో చోట పొడి గుడ్డతో 50 సార్లు రుద్ది, మెరుపు తేలిందేమో చూడండి.

బిగించేటప్పుడు చెడిపోయేవీ ఉన్నాయి. ఎడ్జ్ బ్యాండ్ (షట్టర్ అంచుకు అతికే పట్టీ) కూడా షట్టర్ ఫినిష్‌లోదే కావాలని ముందే రాయించుకోండి. ప్రొఫైల్ పెట్టాక వేళ్ళు ఎక్కువ తగిలేది ఆ అంచుకే, అక్కడ మామూలు పీవీసీ పట్టీ వేస్తే మొదట జిడ్డు పట్టేది అదే. రక్షణ ఫిల్మ్ పని అయిన వెంటనే తీసేయాలి, నెలలు ఉంచితే జిగురు మిగిలిపోతుంది.

శుభ్రానికి అర లీటరు గోరువెచ్చని నీళ్ళలో రెండు మూడు చుక్కల డిష్ వాష్ లిక్విడ్ చాలు. ఒక గుడ్డతో తుడిచి, మంచినీళ్ళ గుడ్డతో సబ్బు తీసేసి, పొడి గుడ్డతో ఆరబెట్టండి. సబ్బు పొర మిగిలితే దాని మీద ముద్రలు ఇంకా బాగా కనిపిస్తాయి. ఫర్నిచర్ పాలిష్‌లలోని సిలికాన్, మైనం కూడా అదే పని చేస్తాయి. గీకే పీచు, పౌడర్ క్లీనర్ ఏ ఫినిష్ మీదా వాడకండి. గ్లాసీ యాక్రిలిక్ అయితే అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్, స్పిరిట్ కూడా వద్దు, సన్నని పగుళ్ళు వస్తాయి.