ఫోన్ మోగితే చాలు గుండె దడ. అకౌంట్ తీసేయాలా?

నిద్రలేని_పిట్ట:
పది రోజుల కింద ఒక పోస్టు కింద నా అభిప్రాయం రాశాను, అంతే. అప్పటి నుంచి మొహం లేని అకౌంట్లు వరసపెట్టి తిడుతున్నాయి, ఒకడిని బ్లాక్ చేస్తే ఇంకో పేరుతో దిగుతాడు. నిన్న ఒకడు నా ఫొటోని నగ్నంగా మార్ఫింగ్ చేసి పంపి, డబ్బు ఇవ్వకపోతే అందరికీ పంపిస్తా అన్నాడు. ఇంట్లో చెప్తే "నిన్నెవరు రాయమన్నారు" అంటారేమోనని భయం.

పాతకాపు:
ఇప్పుడే తీసెయ్యకండి. నేను కోపంలో ముందే రిపోర్ట్ కొట్టాను, పోస్టు పోయింది, దాంతో సాక్ష్యమూ పోయింది, పోలీసులకి చూపించడానికి ఏమీ మిగల్లేదు. ముందు తేదీ, టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ప్రొఫైల్ లింకు, పోస్టు లింకు విడిగా దాచుకోండి. రిపోర్టు, బ్లాకు ఆ తర్వాతే. ఇంకోటి, అవన్నీ మీరే కూర్చుని చదవొద్దు. నాకు మా అక్క చేసిపెట్టింది, రెండు వారాలు నేను ఆ ఇన్‌బాక్స్ తెరవనే లేదు.

గాలివాటం:
పట్టించుకోకపోతే వాళ్ళే పోతారు కదా, ఎందుకింత టెన్షన్?

చుక్కలముగ్గు:
@గాలివాటం తిట్లయితే సరే, బెదిరించేవాడు ఊరికే పోడు. డబ్బు మాత్రం పంపకండి, ఒకసారి ఇస్తే మళ్ళీ అడుగుతాడు. నగ్న ఫొటోలు నెట్‌లో పాకకుండా ఆపడానికి స్టాప్‌ఎన్‌సీఐఐ అని 2021లో మొదలైన ఉచిత సైటు ఉంది, మార్ఫింగ్ ఫొటోలకీ పనికొస్తుంది. ఫొటో మీ ఫోన్ దాటదు, దాన్నుంచి తీసిన వేలిముద్ర లాంటి కోడ్ ఒక్కటే వెళ్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి అందులో చేరిన కంపెనీలు ఆ కోడ్‌కి సరిపోయే ఫొటోని అడ్డుకుంటాయి. చేరని సైట్లలో పనిచేయదు, వాడు ఫొటోని కాస్త కత్తిరించినా తప్పించుకోవచ్చు, అయినా పెట్టండి. పద్దెనిమిది నిండనివాళ్ళకి టేక్ ఇట్ డౌన్ అని ఇలాంటిదే వేరే సైటు ఉంది.

ఇన్‌స్టాలో తిట్టేవాళ్ళని, సాక్ష్యం తీశాక, బ్లాక్ బదులు రిస్ట్రిక్ట్ చేసి చూడండి. మీ పోస్టు కింద వాడి కొత్త కామెంట్, మీరు తెరిచి చూస్తే తప్ప, వాడికి తప్ప ఎవరికీ కనపడదు, ఆ సంగతి వాడికి తెలియదు. గోడని తిట్టుకుంటూ ఉంటాడు, నాకైతే అదో తృప్తి :)

నిద్రలేని_పిట్ట:
రాత్రి అన్నయ్యకి చెప్పాను. తిట్టలేదు. నా ఫోన్ ఇప్పుడు వాడి దగ్గరే ఉంది, స్క్రీన్‌షాట్లు తీస్తున్నాడు, ఇది వాడి లాప్‌టాప్‌లోంచి రాస్తున్నా. రేపు ఇద్దరం కలిసి కంప్లయింట్ ఇవ్వడానికి వెళ్తున్నాం.