మూడున్నర నెలల బడ్జీకి ఈకలు రాలుతున్నాయి, మామూలేనా?

ప్రశ్న (కొర్రకంకి):
షాపుల్లో లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే బడ్జీల జత. రెండింటికీ 14 వారాలు ఉంటాయి. వారం నుంచి ఆకుపచ్చదానికి ఈకలు తెగ రాలుతున్నాయి. పంజరం అడుగున రోజూ 15–20 మెత్తటి ఈకలు పడుతున్నాయి, నిన్న రెక్క ఈక ఒకటి, తోక ఈక ఒకటి కూడా పడ్డాయి. తల నిండా తెల్లటి ముళ్లలాంటివి లేచాయి. నుదుటి మీది నల్లచారలు వెనక్కి జరిగి పసుపు కనబడుతోంది. మధ్యాహ్నాలు ఎక్కువగా నిద్రపోతోంది. నీలందానికి ఏ ఇబ్బందీ లేదు, కాకపోతే ఎగరదు. రెక్కలు కత్తిరించి ఇచ్చారేమో. రెంటికీ తిండి కొర్రలు, సామలు. నీళ్లలో విటమిన్ చుక్కలు కలపమని, పేల మందు కొట్టమని షాపులో చెప్పారు. చెయ్యొచ్చా?

పిచికగూడు:
ఆకుపచ్చదానిది మొదటి మోల్టింగ్, అంటే పాత ఈకలు రాలి కొత్తవి రావడం. మూడు, నాలుగు నెలల మధ్య వస్తుంది, రెండు మూడు వారాలు నడుస్తుంది, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. పిల్లచారలు పోయి నుదురు పసుపవడమే దానికి గుర్తు (నీలం రంగు వాటికైతే తెల్లబడుతుంది). కంటిపాప చుట్టూ లేత వలయం కూడా ఇక్కడినుంచే మెల్లగా తేలుతుంది.

పాత ఈక రాలినచోట కొత్త ముల్లు (పొరలో చుట్టుకుని మొలిచే ఈక) ఉందా అని చూడండి. ఉంటే భయం లేదు. చర్మం బోడిగా కనిపిస్తే అది మోల్టింగ్ కాదు. తల ఒక్కటే బోడి అయితే జతపక్షి పీకుతోందనో, పురుగు ఉందనో అనుమానించాలి, ఎందుకంటే తన తల ఈకలు తను పీక్కోలేదు. తల బాగుండి రొమ్ము బోడి అయితే తనే పీక్కుంటోంది.

నిద్ర కాస్త పెరగడం సహజం. అడుగున కూర్చోవడం, ఊపిరితో పాటు తోక ఊగడం మాత్రం సహజం కాదు. వంటింటి డిజిటల్ త్రాసు మీద రోజూ పొద్దున్నే, తిండి పెట్టకముందు తూచండి. 35 గ్రాముల పక్షి 31కి దిగితే డాక్టరు దగ్గరికే.

కిచకిచ:
విటమిన్ చుక్కలు వేయండి, తప్పు లేదు. ఈకలు త్వరగా వస్తాయి.

పిచికగూడు:
దానికి నేను ఒప్పుకోను. నీళ్ల రుచి మారితే కొన్ని పక్షులు తాగడమే మానేస్తాయి. మన ఎండకు విటమిన్లు గంటల్లోనే చెడతాయి, పైగా ఆ నీళ్లలో బాక్టీరియా పెరుగుతుంది. ఈక దాదాపు మొత్తం కెరాటిన్ అనే ప్రోటీనే. దానికి గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు కావాలి, అవి ఉత్త కొర్రల్లో చాలవు. గట్టిగా ఉడికిన గుడ్డు చిదిమి ఒక్కో పక్షికి పావు చెంచా, వారానికి మూడుసార్లు పెట్టండి. రెండు గంటల్లో తీసేయాలి, వేసవిలో గంటకే. రోజూ మునగాకు రెమ్మ, తురిమిన క్యారెట్ ఇవ్వండి. కటిల్ బోన్ (కాల్షియం కోసం పక్షులు కొరికే సముద్రజీవి గుల్ల) ఎప్పుడూ పంజరంలో వేలాడాలి. గింజలు రోజుకు ఒకటిన్నర, రెండు చెంచాలు చాలు. గిన్నె నిండుగా కనబడుతుంటే పైన ఊది చూడండి, చాలాసార్లు అది ఉత్త పొట్టే.

పేల మందు కారణం లేకుండా కొట్టకండి. రాత్రి పంజరం మీద తెల్లబట్ట కప్పి పొద్దున మడతల్లో వెతకండి. ఎర్రటి చుక్కలు కదిలితే అప్పుడు ఆలోచిద్దాం.

దురదకు మధ్యాహ్నం వెడల్పు గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పెట్టండి, సబ్బు వద్దు. ముళ్ల పొర మీరు గిల్లకండి. ముల్లు మొదలు దగ్గర నల్లగా, నీలంగా ఉందంటే లోపల ఇంకా రక్తం ఉందన్నమాట. అలాంటిది విరిగితే కార్న్‌ఫ్లోర్ అద్ది, శుభ్రమైన బట్టతో రెండు మూడు నిమిషాలు ఒత్తిపట్టండి. ఒంట్లో ఉండే రక్తమే సుమారు 3 మిల్లీలీటర్లు, కాబట్టి ఆగకపోతే కాచుకుని కూర్చోకండి. పట్టుకునేటప్పుడు రొమ్ము నొక్కొద్దు, ఊపిరాడదు.

రెక్కలచప్పుడు:
నాకు నీలంది గురించే బెంగ. కత్తిరించిన రెక్కకు మొదలు మిగిలి, అంచు కత్తెర గీత గీసినట్టుంటుంది. రెక్క విప్పి చూసి చెప్పండి: పొడుగు ఈకలు తెగి ఉన్నాయా, అసలు లేవా?

కొర్రకంకి:
విప్పి చూశానండి. రెండు రెక్కల్లోనూ చివరి పొడుగు ఈకలు లేవు. మొలుస్తున్న రెండు పొట్టి ఈకల కాడల్లో నల్లగా గడ్డకట్టినట్టుంది. తోక కూడా పొట్టిదే.

రెక్కలచప్పుడు:
అయితే కత్తెర పని కాదు. దీన్ని ఫ్రెంచ్ మోల్ట్ అంటారు. గూడు వదిలే అయిదారు వారాల వయసులోనే పొడుగు ఈకలు రాలిపోతాయి, పిల్ల ఎగరలేక నేల మీద పరుగెత్తుతుంది. తరచూ పాలియోమా వైరస్, కొన్నిసార్లు సర్కోవైరస్ కారణం. చూపుతో తేడా తేలదు, పక్షుల డాక్టరు చేత రక్తం, ఈకలతో పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) చేయించాలి. పాలియోమా అయితే తర్వాతి మోల్టింగులో ఈకలు రావచ్చు. సర్కో అయితే ఆశ తక్కువ, రోగనిరోధక శక్తి కూడా దెబ్బతింటుంది. రెంటికీ వైరస్‌ను చంపే మందు లేదు.

ఇన్నాళ్లూ కలిసే ఉన్నాయి కాబట్టి పరీక్ష రెండింటికీ చేయించండి. వేరే గదిలో వేరే పంజరం పెట్టండి. ఆకుపచ్చదాని పని ముందు, నీలందాని పని తర్వాత. పొడి చీపురుతో ఊడవకండి, ఈకపొడితో వైరస్ లేస్తుంది, తడిబట్టతో తుడవాలి. ఫలితం వచ్చేదాకా గూడుపెట్టె వద్దు, కొత్త పక్షి వద్దు. నీలందానికి కూర్చునే కర్రలు అడుగునుంచి నాలుగు అంగుళాల ఎత్తులోనే పెట్టండి, పడితే దెబ్బ తగలదు.

మామిడికొమ్మ:
మా రామచిలుక్కీ గుడ్డు ఇదే లెక్కనా?

పిచికగూడు:
రామచిలుకను ఇంట్లో ఉంచుకోవడమే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమండీ. అటవీశాఖకు అప్పగించండి. సొంతంగా గాల్లోకి వదిలితే తిండి వెతుక్కోలేక చస్తుంది.

కొర్రకంకి:
నీలందాన్ని వేరు చేశాను, 29 గ్రాములు తూగింది. రేపు రెండింటినీ డాక్టరుకు చూపిస్తాను.

రెక్కలచప్పుడు:
వెళ్లేటప్పుడు వేర్వేరు డబ్బాల్లో తీసుకెళ్లండి. రాలిన ఈకలు రెండు మూడు, ఈ పొద్దుటి రెట్ట కాగితంతో సహా పట్టుకెళ్లండి.