పాలిషర్ కొన్నా కారు పని రోజంతా పడుతోంది. ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?

ప్రశ్న:
నా నల్ల కారుకు ఇన్నేళ్లూ చేత్తోనే పాలిష్ చేసి, వ్యాక్స్ పట్టించేవాణ్ణి. రెండు రోజులు పట్టేది, మూడో రోజు భుజం లేచేది కాదు. ఆ బాధ పడలేక ఈమధ్య 8 మిల్లీమీటర్ల డ్యూయల్ యాక్షన్ పాలిషర్‌నూ, రెండు 5 అంగుళాల ఫోమ్ ప్యాడ్‌లనూ కొన్నాను. మొన్న ఉదయాన్నే మొదలుపెట్టినా బానెట్, రెండు డోర్లు పూర్తయ్యేసరికే చీకటి పడింది. పని త్వరగా తెమలాలని బానెట్ మొత్తానికీ ఒకేసారి పాలిష్ పూసి, వేగం 6లో పెట్టి, గట్టిగా అదిమి నడిపాను. పాలిష్ ఎండిపోయి పొడిగా రాలింది. సాలెగూడులాంటి సన్నని గీతలు సగానికి పైగా అలాగే ఉన్నాయి. రోటరీ మెషిన్ తీసుకుంటే పని వేగంగా అవుతుందా? వ్యాక్స్ కూడా మెషిన్‌తో పట్టించవచ్చా?

మొదటి సమాధానం:
మీ సమయమంతా ఆ అదమడంలోనే పోయిందండీ. డ్యూయల్ యాక్షన్ మెషిన్‌లో ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే చిన్న వలయంలో (మీ మెషిన్‌లో దాని వెడల్పు 8 మిల్లీమీటర్లు) ఊగుతుంది. అతిగా అదిమితే తిరగడం ఆగిపోయి ఊగడం మాత్రమే మిగులుతుంది, మోటారు శబ్దం మాత్రం వస్తూనే ఉంటుంది కాబట్టి పని జరుగుతోందనే అనుకుంటాం. ప్యాడ్ అంటించే ప్లేటు అంచున మార్కర్‌తో ఒక అడ్డగీత గీయండి. ఆ గీత తిరుగుతూ కనిపించినంతసేపూ మీ చేతి బరువు సరిపోయినట్టే, నిలిచిపోతే ఎక్కువైనట్టు.

ఒక్కోసారి రెండడుగుల చదరం మాత్రమే తీసుకోండి. ప్యాడ్‌పై బఠాణీ గింజంత బొట్లు మూడు నాలుగు చాలు. మెషిన్‌ను పెయింట్‌కు ఆనించాకే ఆన్ చేసి, తక్కువ వేగంలో పాలిష్‌ను పరిచి, తర్వాత 4 లేదా 5కు పెంచి, సెకనుకు సుమారు ఒక అంగుళం చొప్పున కదపండి. ప్రతి వరుసా ముందు వరుసను సగం కప్పాలి. ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా, మొత్తం నాలుగు నుంచి ఆరు సార్లు. చదవడానికి ఇది నత్తనడకలా ఉన్నా, చేసిన చోటికి మళ్లీ రానక్కర్లేకపోవడమే ఇందులోని వేగం. ఇక కారంతటికీ రెండు ప్యాడ్‌లు చాలవు. పాత పాలిష్, పెయింట్ పొడి పట్టిన ప్యాడ్ గీతలు తీయదు, వేడెక్కుతుంది. ప్రతి చదరం తర్వాత బ్రష్‌తో దులిపి, తడిసిపోయినదాన్ని పక్కన పెట్టి మరొకటి తీసుకోవాలంటే కనీసం ఐదారు ఉండాలి.

రెండో సమాధానం:
పై మాటలతో ఏకీభవిస్తూ, రోటరీ గురించి చెబుతాను. అది లోతైన గీతలను త్వరగా తీస్తుందన్నది నిజమే. కానీ ప్యాడ్ ఒకే ఇరుసుపై తిరుగుతుంది కనుక ఒకచోట క్షణం ఎక్కువ నిలిపినా వేడి పుడుతుంది. చాలా కార్లపై క్లియర్‌కోట్, అంటే రంగుపైన ఉండే పారదర్శక పూత, మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లే, అంటే తలవెంట్రుక కన్నా పలుచన, అంచుల దగ్గర ఇంకా తక్కువ. పైగా చేయి కుదరనివారు వాడితే నల్ల రంగుపై మెషిన్ తిరిగిన జాడలు వెలుతురులో తోకల్లా మెరుస్తాయి, వాటిని తీయడానికి మళ్లీ డ్యూయల్ యాక్షనే పట్టాలి. ఇక ఆదా అయిందేమిటి? 15 మిల్లీమీటర్ల వలయంలో ఊగే డ్యూయల్ యాక్షన్ మెషిన్ విశాలమైన భాగాలపై చురుకుగా పనిచేస్తుంది గానీ, వంపుల దగ్గర సులభంగా ఆగిపోతుంది. ముందు ఉన్నదానితోనే చేయి కుదుర్చుకోండి.

మూడో సమాధానం:
వ్యాక్స్ విషయం. మెషిన్‌తో నిస్సందేహంగా పట్టించవచ్చు. మెత్తని ఫినిషింగ్ ప్యాడ్, 1 లేదా 2 వేగం, మెషిన్ బరువు తప్ప వేరే ఒత్తిడి వద్దు. ద్రవరూపంలో ఉన్న వ్యాక్స్ ఇందుకు అనువు. పొర కంటికి పలుచగా మంచు పట్టినట్టు కనిపిస్తే చాలు. మందంగా పూస్తే రక్షణ పెరగదు, తుడిచే శ్రమ పెరుగుతుంది. ఆరిందో లేదో వేలితో ఒక గీటు గీసి చూడండి, మరక సాగకుండా శుభ్రంగా వస్తే మైక్రోఫైబర్ గుడ్డతో చేత్తోనే తుడవండి. తుడవడానికి మాత్రం మెషిన్ వద్దని నా అభిప్రాయం. నల్ల ప్లాస్టిక్ భాగాలకు ముందే మాస్కింగ్ టేప్ అంటించకపోతే, మెషిన్‌తో మిగిల్చుకున్న గంటను తెల్ల మరకలు తోమడానికి ఖర్చు పెడతారు.

ఒక్క జాగ్రత్త: వ్యాక్స్‌కు ముందు నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి చూడండి. పాలిష్‌లోని నూనె గీతలను తాత్కాలికంగా దాచిపెడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ప్లేటుపై గీత గీసి ఒక డోర్‌పై ప్రయత్నించాను. మొన్నటిలాగే అదిమి చూస్తే గీత కదలనే లేదు; చేతులు తేలిక చేయగానే తిరగసాగింది. ఆ డోర్ అరగంటలో పూర్తయింది, ఆల్కహాల్‌తో తుడిచినా గీతలు మళ్లీ తేలలేదు. రోటరీ ఆలోచన మానేసి, ఇంకో నాలుగు ప్యాడ్‌లు తెప్పిస్తున్నాను.