డిసెంబర్ 15న గ్రంథాలయం బోర్డు మీద ముందు ఎవరి పేరు రాయాలి?

నెల్లూరు పాఠకుడు:
మా గ్రంథాలయంలో రోజూ పొద్దున్నే నల్లబల్ల మీద ‘చరిత్రలో ఈ రోజు’ రాస్తారు. డిసెంబర్ 15న ఇలా రాశారు: 1950 సర్దార్ పటేల్ మరణం, 1933 బాపు జననం, 1966 వాల్ట్ డిస్నీ మరణం. అట్టడుగున, చోటు చాలక ఇరికించిన అక్షరాల్లో, 1952 పొట్టి శ్రీరాములు మరణం. మన జిల్లాకు పెట్టుకున్న పేరే ఆయనది! పైన రాయాలని కొందరు, ఎక్కడ రాస్తే ఏమని కొందరు పట్టుబట్టారు. మీరేమంటారు?

ఒంగోలు టీచర్:
పటేల్ పేరే ముందుండాలి. 500కు పైగా సంస్థానాలను దేశంలో కలిపిన మనిషి ఆయన. మన ఊరి అభిమానంతో వరస మారిస్తే, పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు చరిత్ర మన జిల్లా దాకానే కనిపిస్తుంది.

కనిగిరి నుంచి:
మాకూ వాటా ఉంది సార్. శ్రీరాములు గారి పూర్వీకులది కనిగిరి దగ్గర పడమటిపల్లె. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కనిగిరి నెల్లూరు జిల్లాలోనే ఉండేది. నా ఓటు శ్రీరాములుకే.

మూలపేట నుంచి:
ఎవరు పైన, ఎవరు కింద అనే లెక్కే నాకు నచ్చలేదు. డిస్నీకీ శ్రీరాములుకీ తేదీ తప్ప ఏ పొత్తూ లేదు. పటేల్‌కీ శ్రీరాములుకీ ఉంది, దాన్నే ఎవరూ రాయలేదు.

1948 డిసెంబర్‌లో జైపూర్ కాంగ్రెస్ భాషా రాష్ట్రాల సంగతి తేల్చమని జవహర్‌లాల్, వల్లభభాయ్, పట్టాభిలతో జేవీపీ కమిటీ వేసింది. 1949 ఏప్రిల్‌లో వాళ్లిచ్చిన నివేదిక, భాషా రాష్ట్రాలు ఇప్పుడే వద్దంది. ఆంధ్రకు మాత్రం కాస్త సందిచ్చింది, మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటేనే. పని అక్కడే ఆగిపోయింది. 1952 అక్టోబర్ 19న శ్రీరాములు మద్రాసులోనే, మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారింట్లో నిరాహార దీక్షకు కూర్చున్నారు. 58వ రోజు, డిసెంబర్ 15 రాత్రి, ప్రాణం పోయింది. ఊళ్లు భగ్గుమన్నాయి. 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు, మద్రాసు లేకుండానే.

వాయిదా వేయమన్న ముగ్గురిలో ఒకరు పటేల్. ఆ వాయిదాకు ఎదురొడ్డిన మనిషి శ్రీరాములు. ఇద్దరూ రెండేళ్ల తేడాతో ఒకే తేదీన పోయారు. తేదీ కలవడం కాకతాళీయమే, కానీ ఆ ఇద్దరి మధ్య ఉన్న తగువు కాకతాళీయం కాదు. అందుకే ఇద్దర్నీ ఒకే వరసలో, పక్కపక్కన రాయాలి.

ఇంకో మాట. దీక్ష చేయడం ఆయనకు అప్పుడే మొదలు కాదు. 1946లో నెల్లూరులోని మా మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని పస్తున్నారు. గుడి ముందు నుంచి రోజూ నడిచి వెళ్లే మా పిల్లల్లో ఎందరికి ఇది తెలుసు? ఇది ఏ డిసెంబర్ 15 జాబితాలోనూ దొరకదు.

ఒంగోలు టీచర్:
బాగా చెప్పారు. కానీ పక్కపక్కన పెడితే పిల్లలు పటేల్‌ని దోషిగా చూడరా? నాకు అదే టెన్షన్.

మూలపేట నుంచి:
చూడరు మాస్టారూ, మొత్తం చెబితే. సంతకం పెట్టిన మూడో మనిషి పట్టాభి సీతారామయ్య మన తెలుగువాడే. దేశం అప్పుడే రెండు ముక్కలైంది, ఇంకా చీలుతుందేమోనని ముగ్గురూ జంకారు. ఆ జంకు అబద్ధం కాదు, ఇక్కడి జనం కోరికా అబద్ధం కాదు. సగం దాచి చెబితేనే ఎవరో ఒకరు దోషి అవుతారు.

కనిగిరి నుంచి:
సరే అన్నా, ఒకే వరసకు నేనూ ఒప్పుకుంటా. బాపుని మాత్రం తీసేయొద్దు.

నెల్లూరు పాఠకుడు:
వచ్చే ఏడాదికి ఇలా రాయమని అడుగుతాను: ‘1950 సర్దార్ పటేల్, 1952 పొట్టి శ్రీరాములు మరణం. జేవీపీ నివేదిక గురించి లోపల అడగండి.’ ఆ నివేదిక తెలుగులో ఉంటే, ఒక ప్రతి టేబుల్ మీద పెట్టమని కూడా అడుగుతాను.