పాత ర్యాలీ సైకిలుకి తుప్పు వదిలించాలా, అలాగే ఉంచాలా?

పాతపెడల్: మా పెదనాన్నగారి ర్యాలీ సైకిలు మా వాటాకి వచ్చింది. రాడ్ బ్రేకులు, వెనక చక్రం మధ్యలో మూడు గేర్ల స్టర్మీ ఆర్చర్ కంపెనీ హబ్బు, దాని మీద తయారైన ఏడాది 56 అని కొట్టి ఉంది. నల్ల పెయింటు చాలావరకు నిలిచింది, ఫ్రేము మీద సన్నటి బంగారు గీతలు కూడా కనిపిస్తున్నాయి. రిమ్ములకీ హ్యాండిల్‌కీ మాత్రం తుప్పు. తమ్ముడేమో మొత్తం గీకించి, రంగు పొడి చల్లి వేడితో అతికించే పౌడర్ కోటింగ్ వేయిద్దామంటున్నాడు. రంగు పోకుండా తుప్పొక్కటే తీసే దారి ఉందా?

గోళీసోడా: చింతపండు పెట్టి తోమండి. ఇత్తడి బిందె తళతళలాడట్లా?

రిమ్మురాజు: ఇది బిందె కాదండీ. ఆక్సాలిక్ ఆమ్లం తెచ్చుకోండి, లీటరు నీళ్ళకి 20, 30 గ్రాములు చాలు. ప్లాస్టిక్ టబ్బులో రిమ్ములు ఓ రాత్రి నాననివ్వండి. అది విషం, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు, పిల్లలకి అందనివ్వద్దు. తీశాక వంటసోడా నీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టి, వెంటనే నూనె పట్టించాలి. హ్యాండిల్ మీది క్రోముకి అల్యూమినియం ఫాయిలు తడిపి రుద్దండి, క్రోము కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు. బంగారు గీతల జోలికి ఆమ్లం పోనివ్వద్దు, అక్కడ నూనె గుడ్డ చాలు. పౌడర్ కోటింగ్ మాట మర్చిపోండి. ముందు ఇసుకతో కొడతారు, ఆ దెబ్బకి 1956 నాటి పెయింటంతా నేలపాలు.

బ్యాడ్జిబాబు: ముందుగా హ్యాండిల్ కింద ఫ్రేముకి ఉండే కంపెనీ బ్యాడ్జి చూడండి. ఇంగ్లండులోని నాటింగ్‌హామా, మన బెంగాల్‌లోని అసన్‌సోలా? ర్యాలీ సైకిళ్ళని ఇక్కడ సెన్ ర్యాలీ కంపెనీ వాళ్ళు అసన్‌సోల్‌లో చేసేవారు. హబ్బు మీది అంకె హబ్బుదే, ఫ్రేముది కాదు. చక్రం ఎప్పుడైనా మార్చి ఉండొచ్చు.

షాపుపిల్లోడు: తమ్ముడు చెప్పిందే కరెక్టు. మా నాన్నది సైకిల్ షాపు. ఏటా దసరాకి ముందు వరస కట్టేవాళ్ళు. కిరసనాయిలుతో కడిగి, గోళీలు తీసి గ్రీజు మార్చి, రంగు వేయించుకుని ఆయుధ పూజకి బొట్టు పెట్టేవాళ్ళు. కట్నంలో సైకిలు, వాచీ, రేడియో అడిగిన రోజులవి. తుప్పు పట్టనిచ్చినవాడిని ఊళ్ళో బద్ధకస్తుడనేవాళ్ళు. ఇప్పుడదే మీకు వారసత్వమా?

రిమ్మురాజు: తుప్పు ఉంచమని ఎవరన్నారు? తీయమనేగా చెప్పాను! నా హెర్క్యులిస్ సైకిల్‌ని ఓ షాపులో ఇస్తే ఫ్రేము నెంబరు పౌడరుతో పూడిపోయింది, బ్యాడ్జి ఏమైందంటే చెత్తలో పడేశామన్నారు. మీలాంటి షాపువాళ్ళ వల్లే పాత సైకిళ్ళు నాశనమయ్యాయి.

షాపుపిల్లోడు: మీలాంటి షాపువాళ్ళు అంటే ఏంటండీ? మీ బ్యాడ్జి మా నాన్న పడేశాడా? చేతులకి గ్రీజు అంటనివాళ్ళు ఇక్కడ కూర్చుని తీర్పులు చెబుతారు.

గోళీసోడా: చింతపండు సంగతి ఎవరూ తేల్చలేదు.

బ్యాడ్జిబాబు: బ్యాడ్జి ఫొటో ఏది?

పాతపెడల్: కొట్టుకోకండి. బ్యాడ్జి మీద నాటింగ్‌హామ్ అనే ఉంది. ఒక మాట ముందే చెప్పాల్సింది. చైన్ కవరు మీద పెదనాన్న పేరు పసుపు రంగులో ఉంది, ఎవరో పెయింటరుతో రాయించుకున్నారు. కింద కంపెనీ అక్షరాలు లీలగా కనిపిస్తున్నాయి.

రిమ్మురాజు: అయితే ఆ పసుపు రంగు జాగ్రత్తగా తీసేయండి. కంపెనీ అక్షరాలు బయటికొస్తే సైకిల్‌కి అసలు రూపం వస్తుంది.

షాపుపిల్లోడు: వద్దు! దాని మీద చెయ్యి వేయకండి. రంగు వేయించండి, వేయించకపోండి, ఆ పేరు మాత్రం చెరపొద్దు.

రిమ్మురాజు: ఇందాక మొత్తం గీకించమన్నది మీరే కదా!

షాపుపిల్లోడు: అది తెలియక ముందు. మీకు నాటింగ్‌హామ్ గేటు దాటిన రోజు సైకిలు కావాలి. నాకు ఆయన తొక్కిన సైకిలు కావాలి. ఏటా రంగేసుకున్నా అది ఆయనదే, పేరు రాయించుకున్నా ఆయనదే.

రిమ్మురాజు: అలా అనుకుంటే ప్లాస్టిక్ పూలు చుట్టినా అసలుదే అవుతుంది. కంపెనీ ఫినిషింగ్‌కి ఒక లెక్కంటూ ఉంటుంది.

పాతపెడల్: పేరు ఉంచేస్తున్నాం. తమ్ముడు కూడా దానికి సరేనన్నాడు, ఫ్రేము సంగతే ఇంకా తెగలేదు. రిమ్ములు ఈ ఆదివారం నానబెడతా.

షాపుపిల్లోడు: నానబెట్టే ముందు రిమ్ము లోపలి వైపు వేలితో తడిమి చూడండి. రాడ్ బ్రేకు రబ్బర్లు పట్టేది అక్కడే. అక్కడ గుంటలు పడి ఉంటే ఆ రిమ్ముతో రోడ్డెక్కకండి.