తొమ్మిదో తరగతి అమ్మాయికి లెక్కల ట్యూషన్: సిలబస్ పరిగెత్తించే సార్ మేలా, ఆరో తరగతికి వెనక్కి తీసుకెళ్లే అమ్మాయి మేలా?

గుంటూరు నాన్న:
మా అమ్మాయి తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. లెక్కల్లో బాగా వెనకబడింది. ట్యూషన్‌కి ఇద్దరిని చూశాం.

ఒకాయన ఇంజనీరింగ్ చదివి ట్యూషన్లే వృత్తిగా పెట్టుకున్నారు. బోర్డు మీద చకచకా చేసుకుపోతారు. బళ్లో రేపు చెప్పే పాఠం ఆయన దగ్గర ఇవాళే అయిపోతుంది. రెండో ఆమె పక్క వీధిలో ఉంటుంది, బీఎస్సీ చివరి ఏడాది. మొదటి రోజు పాఠమే మొదలుపెట్టలేదు. కొన్ని చిన్న చిన్న లెక్కలిచ్చి, మా పాప చేస్తున్నంతసేపూ "ఇక్కడ ఇలా ఎందుకు చేశావు?" అని అడుగుతూ కూర్చుంది. తప్పు అన్న మాట ఆమె నోట రాలేదు. వెళ్లేటప్పుడు నాతో, "అంకుల్, పాపకి భిన్నాలూ రుణ సంఖ్యలూ సరిగ్గా రావు. రెండు నెలలు ఆరు, ఏడు తరగతుల లెక్కలు చెయ్యనివ్వండి. ఆ తర్వాతే తొమ్మిదోది" అంది.

నాకు ఆ అమ్మాయి పద్ధతే నచ్చింది. మా ఆవిడ ఒప్పుకోవట్లేదు. ఎస్ఏ-1 (బళ్లో మొదటి సమ్మేటివ్) పరీక్షలు దగ్గర పడుతుంటే ఆరో తరగతి లెక్కలేంటి, డిగ్రీ కూడా పూర్తి కాని పిల్లకి ఎలా అప్పజెప్తాం అంటోంది. ఇంటికొచ్చి చెప్పేవాళ్లలో ముందు ఏ గుణం చూడాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

విశాఖ ట్యూటర్:
నేను పదికీ ఇంటర్‌కీ ఇళ్లకెళ్లి చెప్తాను కాబట్టి సూటిగా అంటున్నాను, ఏమనుకోకండి. ముందు చూడాల్సింది సబ్జెక్టు మీద పట్టు. రుణాన్ని రుణంతో హెచ్చవేస్తే ధనం ఎందుకు వస్తుందని పిల్ల అడిగితే "అది రూలు" అనేవాళ్లు ఎంత ఓపికమంతులైనా మంచి టీచర్లు కాదు. ఇవాళ చెప్పే పాఠం రేపు ఇంటర్‌లో ఎక్కడ పనికొస్తుందో తెలిసినవాళ్లకే దేన్ని గట్టిగా పట్టాలో, దేన్ని వదిలెయ్యొచ్చో తెలుస్తుంది.

ఇంకోటి. వచ్చే ఏడాది మీ పాపకి పది. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు. తొమ్మిదిలో రెండు నెలలు పక్కన పెడితే బళ్లో క్లాసు ఆగదు కదా. పిల్ల అక్కడ మరింత వెనకబడుతుంది, స్లిప్ టెస్టుల్లో ఇంకా తక్కువ వస్తాయి, "నాకు లెక్కలు రావు" అన్న ముద్ర గట్టిపడుతుంది. ముందు రెండు టెస్టుల్లో మంచి మార్కులు తెప్పిస్తే భయం పోతుంది. భయం పోయాక వెనక్కి వెళ్లొచ్చు.

ఓరుగల్లు బిడ్డ:
అన్నా, మీరు చెప్పింది ఇంట్ల చదువుకున్నోళ్లున్న పిల్లలకు నడుస్తది. మా ఇంట్ల పదోక్లాసు దాటింది నేనే మొదటిదాన్ని. నాకు లెక్కలు నేర్పింది మా వాడలో డిగ్రీ చదువుతున్న అక్క. ఆమెకు ఇంటర్ లెక్కలు గొప్పగ వచ్చేవి కావు. కని నేను ఎక్కడ ఆగిపోతున్ననో ఆమెకు తెలిసేది, ఎందుకంటే కొన్నేండ్ల కింద ఆమె కూడ అక్కడ్నే ఆగింది. తెలివైన సార్లకు అన్నీ సులువుగనే వచ్చినయి. ఇంత చిన్నది పిల్లకు ఎందుకు అర్థమైతలేదో వాళ్లకు అంతుపట్టది.

బెంగళూరు తెలుగు:
డిగ్రీ సంగతి మీద ఒక మాట. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ముంబై, వడోదరల్లో 'బాలసఖి' అనే కార్యక్రమం నడిపింది. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన పిల్లల్ని పదిహేను ఇరవై మంది చొప్పున కూర్చోబెట్టి, రోజుకి రెండు గంటలపాటు రాని పునాది లెక్కలూ చదువూ నేర్పించారు. నేర్పింది ఆ చుట్టుపక్కల ఉండే యువతులే. వాళ్లకిచ్చిన శిక్షణ సుమారు రెండు వారాలు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం దాన్ని పరిశీలించి 2007లో ఫలితాలు ప్రచురించింది. పిల్లల మార్కులు స్పష్టంగా పెరిగాయి, అందరికంటే వెనకబడినవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది.

విడిగా చెప్పడం గురించి అందరూ ఎత్తే పేరు అమెరికా విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్. ఒక్కొక్కరికీ విడిగా చెప్తే సగటు పిల్ల మామూలు క్లాసులోని సగటు కంటే రెండు ప్రామాణిక విచలనాలు (పిల్లల మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) పైకి వెళ్తుందని 1984లో రాశాడు. తర్వాతి పరిశీలనల్లో అంత రాలేదు. వాన్‌లెన్ అనే పరిశోధకుడు 2011లో పాత అధ్యయనాలు కూర్చి చూస్తే, అదే కొలతలో రెండు కాదు, 0.79 దగ్గర తేలింది. అదీ తక్కువేం కాదు. అయితే బ్లూమ్ పెట్టిన షరతు మనం మరిచిపోతాం. ఒక మెట్టు వచ్చిందో లేదో పరీక్షించి, రాకపోతే సరిదిద్ది, అప్పుడే పై మెట్టుకి తీసుకెళ్లడం అందులో భాగం. ఎదురుగా ఒక్క పిల్లే ఉన్నా క్లాసులో లాగే పాఠం అప్పజెప్పి వెళ్లిపోతే, ఆ లాభం ఎక్కడినుంచి వస్తుంది?

విశాఖ ట్యూటర్:
బాలసఖి మూడు, నాలుగు తరగతుల పిల్లలకి. ఇక్కడ తొమ్మిది. కూడికలు చెప్పడానికి సరిపోయినవాళ్లు బహుపదులకి సరిపోతారని దాన్నుంచి ఎలా తేలుస్తారు?

బెంగళూరు తెలుగు:
తేల్చలేం, ఆ మాట సరైనదే. కానీ ఆ పాప ఆగింది బహుపదుల దగ్గర కాదు, భిన్నాల దగ్గర.

కృష్ణవేణి టీచర్ (విశ్రాంతం):
నేను ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పాను. మీ ఇద్దరి మాటల్లోనూ సగం సగం నిజం ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

పిల్ల 1/2 + 1/3 = 2/5 అని రాసిందనుకోండి. ఒక టీచరు కొట్టేసి, క.సా.గు. తీసి, 5/6 రాసి చూపిస్తాడు. పిల్ల చూసి రాసుకుంటుంది, వారం తర్వాత మళ్లీ 2/5 అనే రాస్తుంది. ఆ తప్పు వెనక ఒక ఆలోచన ఉందండీ. పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలపాలని తన మటుకు తాను ఒక నియమం పెట్టుకుంది. దాన్ని కదిలించాలంటే "2/5 సగం కంటే ఎక్కువా తక్కువా? సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గిందేమిటి?" అని అడగాలి. ఆ నియమం తప్పని పిల్లే కనిపెట్టాలి. (a+b)² అంటే a²+b² అనే పిల్లల సంగతీ అంతే. a బదులు 2, b బదులు 3 పెట్టించండి. ఒక పక్క 25, ఇంకో పక్క 13 వస్తుంది. ఆ తర్వాత చతురస్రం గీసి నాలుగు ముక్కలు చూపిస్తే 2ab ఎక్కడ దాక్కుందో తనే వేలు పెట్టి చెప్తుంది.

నా దృష్టిలో మంచి ట్యూటరుకి ఉండాల్సిన మొదటి గుణం ఇదే: తప్పు వెనకున్న ఆలోచన తెలుసుకోవాలన్న ఆసక్తి. ఆ బీఎస్సీ అమ్మాయి మొదటి రోజు చేసింది సరిగ్గా అది. చాలామంది సీనియర్లు కూడా చెయ్యరు.

కానీ "రెండు నెలలు ఆరో తరగతే" అన్నదానితో నేను ఏకీభవించను. తొమ్మిది చదివే పిల్ల ముందు ఆరో తరగతి పుస్తకం పెడితే చిన్నబుచ్చుకుంటుంది, తోటివాళ్లకి తెలిస్తే ఇంకా కుంగిపోతుంది. ఇవాళ్టి పాఠంలోనుంచే వెనక్కి వెళ్లొచ్చు. రెండు చరరాశుల రేఖీయ సమీకరణం 2x + 3y = 12 తీసుకోండి. గ్రాఫు గియ్యడానికి x = 1 పెడితే y = 10/3. అదిగో భిన్నం. x = 9 పెడితే y = -2. అదిగో రుణ సంఖ్య. ఆగాల్సింది అక్కడ. ఆ గంటలో భిన్నాల మీద ఇరవై నిమిషాలు కూర్చుని, మళ్లీ గ్రాఫుకి రావాలి. అది దేనికి కావాలో కళ్లముందే ఉంటుంది కాబట్టి పిల్ల విసుక్కోదు. బళ్లో పాఠమూ తప్పిపోదు.

విశాఖ ట్యూటర్:
ఈ పద్ధతికి ఒప్పుకుంటాను, టీచర్. అయితే ఇలా పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ తిరగాలంటే దారంతా తెలిసి ఉండాలి. అందుకే పట్టు ముఖ్యం అన్నాను. గుంటూరు నాన్న గారూ, ఆ అమ్మాయికి రాని లెక్క ఒకటి ఇవ్వండి. "రేపు చూసుకొచ్చి చెప్తా" అంటే పెట్టుకోండి. ఏదో ఒకటి గిలికి దాటేస్తే వద్దు. అలాగే పాప హోంవర్కు తన చేత్తో చేసిపెట్టే ట్యూటరు ఎవరైనా సరే, మర్నాడే మానిపించండి.

కరీంనగర్ అమ్మ:
ఇంగ్లీషు మీడియం అన్నరు కదా. మా బాబుకు లెక్కే రాదనుకున్నం. ట్యూషన్ మేడం రాతలెక్కలను తెలుగుల చెప్పి చూసింది, చకచక చేసిండు. వానికి రానిది లెక్క కాదు, ప్రశ్నలోని ఇంగ్లీషు. ఆమె రోజూ ఒక ప్రశ్నను ఇంగ్లీషుల చదివించి, "ఏం ఇచ్చిన్రు, ఏం అడిగిన్రు" అని తెలుగుల చెప్పించేది. మీ పాపకు కూడ ఒక్కసారి అట్ల చూడున్రి.

ఇంకో మాట: ఎవరిని పెట్టుకున్నా ముందు గదిలోనే, తలుపు తెరిచి చెప్పించున్రి, ఇంట్ల పెద్దోళ్లు ఒకరుండాలె. దీనికి మంచి టీచర్లు ఎవరూ నొచ్చుకోరు.

నెల్లూరు వాసి:
ఇంత చర్చ ఎందుకు, బళ్లో లెక్కలు చెప్పే సార్నే ఇంటికి పిలిస్తే పోలా? ఆయనకి పిల్ల సంగతీ తెలుసు, పేపరు సంగతీ తెలుసు.

కృష్ణవేణి టీచర్ (విశ్రాంతం):
వద్దు బాబూ. విద్యాహక్కు చట్టం 2009, 28వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. చట్టం అలా ఉంచినా, మార్కులు వేసే చేతికే ట్యూషన్ ఫీజూ ఇస్తే, డబ్బు కట్టలేని పిల్లకి క్లాసులో న్యాయం జరగదు. పేపరు సంగతి తెలుసన్నారు చూడండి, నాకు బాధ కలిగించింది ఆ మాటే.

గుంటూరు నాన్న:
అందరికీ ధన్యవాదాలు. టీచర్ గారు చెప్పిన సమీకరణం కథ ఆ అమ్మాయికి చూపించాను. కాసేపు ఆలోచించి, "ఇలా అయితే బడి పాఠంతో పాటే నడుస్తానంకుల్, కానీ భిన్నాల రోజున గ్రాఫు పూర్తి కాలేదని నన్ను అడక్కండి" అంది. మా ఆవిడ ఒప్పుకుంది. తన షరతు ఒకటే, ఎస్ఏ-1 తర్వాత మళ్లీ కూర్చుని ఆలోచిద్దామని. అప్పుడు దేన్ని చూసి బాగుందనుకోవాలి? మార్కులు పెరక్కపోతే మార్చెయ్యాలా?

కృష్ణవేణి టీచర్ (విశ్రాంతం):
మార్కుల కంటే ముందు జవాబు పత్రం తెప్పించుకుని చూడండి. ఇదివరకు ఖాళీగా వదిలేసిన చోట ఇప్పుడు రెండు మెట్లు రాసి ఆగిందా? పాత తప్పులే ఉన్నాయా, కొత్త తప్పులు వచ్చాయా? కొత్త తప్పులైతే పిల్ల ముందుకి కదిలినట్టే, ఆ అమ్మాయిని కొనసాగించండి. పాతవే ఉండి, మార్కులు మాత్రం పెరిగాయంటే బట్టీ పట్టించిందేమో అడగండి. ఆ పత్రం ముందు పెట్టుకుని ఇద్దర్నీ ఒక గంట కూర్చోనివ్వండి. మీరు మాత్రం ఆ గంటలో పాపని ఏమీ అనకండి.

విశాఖ ట్యూటర్:
ఎస్ఏ-1 అయ్యాక ఇక్కడ రాయండి, ఏ చోట ఆగిందో చూద్దాం. త్రికోణమితి మొదలయ్యేలోపు నిష్పత్తులు గట్టిపడాలి. దానికి కావాల్సిన లెక్కలు ఆ అమ్మాయికి నేనిస్తాను.