పోటీ ఆటలకూ పాటలకూ ఒకే హెడ్‌ఫోన్: 12,000 రూపాయల్లో ఏది తీసుకోవాలి?

నయీంనగర్ విద్యార్థి (ప్రశ్న)

అన్నలకు, అక్కలకు నమస్కారం. నేను హన్మకొండలో నయీంనగర్ వైపు ఒక అద్దె గదిలో మిత్రుడితో కలిసి ఉంటూ ఇంజినీరింగ్ చదువుతున్నాను. సాయంత్రాలు కంప్యూటర్ మీద వాలరెంట్ అనే తుపాకుల ఆట ఆడతాను. కళాశాలల మధ్య జరిగే పోటీల్లో మా జట్టు తరఫున దిగుతాను కనుక, ఎదుటివాడు ఏ మూల నుంచి వస్తున్నాడో అడుగుల చప్పుడును బట్టి పసిగట్టడం నాకు సరదా కాదు, అవసరం. అప్పుడప్పుడు ఫోన్‌లో బీజీఎంఐ కూడా ఆడతాను. మిగిలిన సమయమంతా పాటలే: డప్పు, డోలు దద్దరిల్లే మన జానపదాలు, మా నాన్న అలవాటు చేసిన పాత సినిమా పాటలు, రాత్రి చదువుకునేటప్పుడు కర్ణాటక వయొలిన్.

మైకుతో కలిపి 12,000 రూపాయల వరకు పెట్టగలను. వరంగల్‌లో ఒక దుకాణంలో అడిగితే 7.1 సరౌండ్ (చుట్టూ స్పీకర్లు పెట్టినట్టు వినిపించేలా చేసేది) గేమింగ్ హెడ్‌సెట్ చూపించి ఆటకు ఇదే సరైనదన్నారు. మా సీనియర్ ఒకరు ఓపెన్ బ్యాక్ తప్ప మరొకటి కొనవద్దంటున్నారు. ఇంకొకరు బ్లూటూత్ అయితే తీగల బాధ ఉండదంటున్నారు. మా గది సంగతి కూడా చెప్పాలి: ఎండాకాలమంతా కూలర్ నడుస్తూనే ఉంటుంది, కిటికీ పక్కనే రోడ్డు ఉంది, మిత్రుడు తొందరగా పడుకుంటాడు. ఏం చేయమంటారు?

కాజీపేట శ్రోత

తమ్ముడూ, దుకాణదారు గానీ సీనియర్ గానీ నిన్ను ఆట గురించి అడిగారే తప్ప గది గురించి అడిగినట్టు లేదు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్లలో డ్రైవర్, అంటే శబ్దం పుట్టించే చిన్న స్పీకర్, వెనుక భాగం జాలీతో తెరిచి ఉంటుంది. అందువల్ల శబ్దం తలలో ఇరుక్కున్నట్టు కాకుండా చుట్టూ పరుచుకున్నట్టు వినిపిస్తుంది, చెవులకు గాలి తగులుతుంది, గంటల తరబడి పెట్టుకున్నా ఉక్కపోయదు. సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్ వంటి వాటిని ఆటగాళ్లు మెచ్చుకోవడానికి కారణం అదే, ఆ మెప్పులో అబద్ధం లేదు. అయితే ఆ జాలీ గుండా లోపలి శబ్దం బయటికి పోయినట్టే బయటి శబ్దమూ అడ్డు లేకుండా లోపలికి వస్తుంది. కూలర్ చప్పుడు ఒక్క శ్రుతిలో ఉండదు. మోటారు గురగుర నుంచి గాలి హోరు దాకా కింది నుంచి పైకి అంతటా పరుచుకుని ఉంటుంది. నువ్వు పట్టుకోవాలనుకునే దూరపు అడుగుల చప్పుడు సరిగ్గా ఆ హోరు కిందే మునిగిపోతుంది. అప్పుడు వాల్యూమ్ పెంచుతావు. పెంచితే తుపాకీ మోతలు చెవులను పగలగొడతాయి, పక్క మంచం మీది మిత్రుడికి ఆటంతా వినిపిస్తుంది. మే నెలలో వరంగల్‌లో కూలర్ ఆపుకుని ఆడమని చెప్పే ధైర్యం నాకు లేదు గనుక, ఓపెన్ బ్యాక్ ఆలోచన ఈ గదిలో ఉన్నంత కాలం పక్కన పెట్టు.

ఇక 7.1 మాట. మనకున్నవి రెండు చెవులే, దిక్కు తెలిసేది వాటితోనే. కుడి వైపు నుంచి వచ్చే శబ్దం ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం ఎంత ఎక్కువైనా సుమారు 0.7 మిల్లీసెకన్లు మాత్రమే. పై శ్రుతులకు తల అడ్డుపడటం వల్ల అవతలి చెవికి శబ్దం తగ్గి చేరుతుంది. ముందా వెనుకా, పైనా కిందా అన్నది మాత్రం చెవి దొప్ప మడతలు శబ్దంలో తెచ్చే మార్పులను బట్టి మెదడు తేల్చుకుంటుంది. ఈ మార్పులన్నిటినీ లెక్కగట్టి రెండు ఛానెళ్లలోనే ఇమిడ్చే పద్ధతిని హెచ్‌ఆర్‌టీఎఫ్ అంటారు. వాలరెంట్ ఆడియో సెట్టింగుల్లో ఆ పేరుతోనే ఒక మీట ఉంది, కౌంటర్ స్ట్రైక్‌లోనూ ఇటువంటి ఏర్పాటే ఉంది. శత్రువు ఎక్కడ నిలబడ్డాడో ఆటకు కచ్చితంగా తెలుసు. హెడ్‌సెట్ తీగకు తగిలించిన 7.1 డబ్బాకు తెలియదు, తనకు అందిన శబ్దాన్నే అది మళ్లీ కలగలుపుతుంది. ఆట చేసిన లెక్క మీద ఈ డబ్బా లెక్క కూడా పడితే దిక్కు అలుక్కుపోతుంది. కాబట్టి మంచి స్టీరియో హెడ్‌ఫోన్ కొని, ఆటలోని మీట వేసుకుని, మిగిలినవన్నీ ఆపేయడమే మేలు.

బ్లూటూత్ ఆటకు పనికిరాదు. సాధారణంగా 150 నుంచి 250 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటుంది. 144 హెర్ట్జ్ తెర మీద ఒక్కో దృశ్యం సుమారు 7 మిల్లీసెకన్లకే మారిపోతుంది గనుక, అడుగు నీ చెవిన పడేలోపు తెర మీద ఇరవైకి పైగా దృశ్యాలు గడిచిపోతాయి. పైగా హెడ్‌సెట్ మైకు తెరవగానే మామూలు బ్లూటూత్ ఫోన్‌కాల్ పద్ధతిలోకి దిగి, వినిపించే శబ్దాన్ని కూడా మోనోగా, నాసిగా మార్చేస్తుంది. వైర్‌లెస్ తప్పదనుకుంటే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో డాంగిల్‌తో (కంప్యూటర్‌కు గుచ్చే చిన్న రిసీవర్) వచ్చేవి చూడాలి. కానీ ఈ బడ్జెట్‌లో ఆ డబ్బంతా రేడియోకు, బ్యాటరీకి పోతుంది.

నీకు నేను చెప్పేది క్లోజ్డ్ బ్యాక్, అంటే వెనుక భాగం మూసి ఉండేది. ఆడియో టెక్నికా ఏటీహెచ్ ఎం40ఎక్స్ 35 ఓమ్‌ల (విద్యుత్ నిరోధపు కొలత) హెడ్‌ఫోన్, ల్యాప్‌టాప్ అయినా ఫోన్ అయినా తేలికగా నడిపిస్తుంది, తీగ పాడైతే మార్చుకోవచ్చు. సోనీ ఎండీఆర్ 7506 స్టూడియోల్లో దశాబ్దాలుగా చూస్తున్నదే, 63 ఓమ్‌లు. దాని మెలికల తీగ ఊడిరాదు, బల్ల దగ్గర బాగుంటుంది గానీ ఫోన్‌తో బరువనిపిస్తుంది. రెండింటిలో నేనైతే మొదటిదే తీసుకుంటాను.

కరీంనగర్ ఆటగాడు

కాజీపేట అన్న గది గురించి చెప్పినదంతా ఒప్పుకుంటాను, ముగింపును మాత్రం ఒప్పుకోను. మన ఎండలకు రెక్సిన్ మెత్తలున్న క్లోజ్డ్ బ్యాక్ పెట్టుకుని వరుసగా రెండు మ్యాచ్‌లు ఆడితే చెమట చెవుల నుంచి మెడ మీదికి కారుతుంది, కొన్నాళ్లకు ఆ మెత్తల తోలు పొట్టు పొట్టుగా రాలిపోతుంది. కూలర్ హోరును ఆపే విషయంలోనూ చెవిలో బిగుసుకునే ఐఈఎం (ఇన్ ఇయర్ మానిటర్) ఇయర్‌ఫోన్లు మామూలు క్లోజ్డ్ బ్యాక్ కంటే మెరుగ్గా పని చేస్తాయి. పెద్ద అంతర్జాతీయ పోటీల వేదికల మీద ఆటగాళ్లు పెట్టుకునే పెద్ద హెడ్‌సెట్‌ను చూసి చాలామంది ఆట శబ్దం అందులోంచే వస్తుందనుకుంటారు. చాలా చోట్ల దాని కింద చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటుంది, ఆట వినిపించేది అందులోంచే, పైది జనం కేకలను ఆపడానికి.

మూన్‌డ్రాప్ చూ 2 గానీ, 7హెర్ట్జ్ సాల్‌నోట్స్ జీరో గానీ 2,000 రూపాయల పరిసరాల్లో దొరుకుతాయి. అడుగుల చప్పుడు, తుపాకీ మార్చుకునే చిన్న శబ్దం వీటిలో స్పష్టంగా విడివిడిగా తెలుస్తాయి. గేమింగ్ పేరుతో అమ్మే చాలా హెడ్‌సెట్లలో కింది శ్రుతులను బాగా ఉబ్బించి ఉంచుతారు. కింది మోత ఎక్కువైన కొద్దీ పైనున్న సన్నని శబ్దాలను కప్పేయడం చెవి స్వభావం, అందుకే బాంబు పేలిన మరుక్షణం పక్కనుంచి వచ్చేవాడు వినిపించడు. మిగిలే 10,000తో మైకు, ఫోన్‌కు గానీ కంప్యూటర్‌కు గానీ హెడ్‌ఫోన్ తగిలించుకునే చిన్న డాంగిల్, కావాలంటే తెరకు ఒక మంచి స్టాండు కూడా వస్తుంది.

హన్మకొండ రికార్డింగ్ అక్క

నేను చిన్న స్టూడియోలో జానపద గాయకుల గొంతులు రికార్డు చేస్తుంటాను, ఆటలు ఆడను. కాబట్టి పాటల వరకే చెబుతాను.

డప్పు దెబ్బలో రెండు భాగాలున్నాయి: పుల్ల తగిలినప్పుడు పుట్టే పదునైన చిటుకు, దాని వెనుక సాగే కింది మోత. నాసిరకం హెడ్‌ఫోన్‌లో మోత ఉబ్బి చిటుకును మింగేస్తుంది, అప్పుడు నలుగురు కొడుతున్నా ఒక్కరే కొడుతున్నట్టు ఉంటుంది. ఎం40ఎక్స్ అయినా పైన చెప్పిన ఐఈఎంలైనా ఈ పరీక్షలో నెగ్గుతాయి. ఐఈఎంలో కింది మోత రాదనే మాట తరచుగా వింటాను. అది దాదాపు ఎప్పుడూ రబ్బరు టిప్పు సరిగా బిగుసుకోకపోవడం వల్లనే. డబ్బాలో వచ్చే మూడు కొలతలూ ప్రయత్నించండి, రెండు చెవులకు రెండు వేర్వేరు కొలతలు సరిపోవడం కూడా మామూలే. తేడా అంతా వయొలిన్ దగ్గర కనిపిస్తుంది. కమాను తీగ మీద రాసే గరుకుదనం, గది ప్రతిధ్వని చెవిలో దూరిన ఐఈఎంలో మరీ దగ్గరగా ఉంటాయి. రాత్రి చదువుకుంటూ వినడానికి నాకు చెవి మీద కూర్చునే హెడ్‌ఫోనే హాయి.

మీ నాన్నగారి పాటల గురించి ఒక మాట. 1950లు, 60ల నాటి సినిమా పాటలు మోనోలో ముద్రించినవి. రెండు చెవులకూ ఒకటే శబ్దం అందుతుంది గనుక ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్ పెట్టినా పాట తల మధ్యలోనే వినిపిస్తుంది. అది లోపం కాదు, దాని కోసం సరౌండ్ మాయలు వేయకండి, గొంతు చెడిపోతుంది. ఆ పాటలకు కావలసింది మధ్య శ్రుతులు నిజాయితీగా ఉండటం.

మైకు విషయంలో ఖరీదు కంటే దూరం ముఖ్యం. నోటికి 40 సెంటీమీటర్ల దూరంలో బల్ల మీద పెట్టిన మైకును 5 సెంటీమీటర్లకు తెస్తే మీ గొంతు దాదాపు 18 డెసిబెళ్లు పెరుగుతుంది, కూలర్ చప్పుడు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందుకే ఖరీదైన కండెన్సర్ మైకు బల్ల మీద పెట్టుకునే వారికంటే, చొక్కాకు తగిలించే చౌక మైకును నోటి దగ్గరికి తెచ్చుకునే వారి గొంతే జట్టుకు బాగా వినిపిస్తుంది. శ్వాస తగలకుండా నోటికి కొంచెం పక్కగా పెట్టుకోండి.

నయీంనగర్ విద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. ఇంకో సందేహం. తెలిసినవారి దగ్గర బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో, 250 ఓమ్‌లది, సెకండ్ హ్యాండ్‌లో వస్తోంది. దానికి యాంప్లిఫయర్ లేకపోతే దండగని ఒకరు, చిన్న యూఎస్‌బీ డాంగిల్ చాలని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట నిజం? ఇంకొక సంగతి, ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టగానే నా పాత ఇయర్‌ఫోన్‌లో సన్నని కీచు శబ్దం వస్తుంది.

కాజీపేట శ్రోత

లెక్క వేసి చూద్దాం. ఆ హెడ్‌ఫోన్ 1 మిల్లీవాట్‌కు 96 డెసిబెళ్లు ఇస్తుంది. ఆపిల్ టైప్ సీ డాంగిల్ కంప్యూటర్‌కు పెట్టినప్పుడు సుమారు 1 వోల్టు ఇస్తుంది. 1 వోల్టును 250 ఓమ్‌ల మీద వేస్తే 4 మిల్లీవాట్లు, అంటే 102 డెసిబెళ్ల దాకా పోతుంది. ఆటకు అది చాలు; నెమ్మదిగా రికార్డు చేసిన సంప్రదాయ సంగీతానికి మాత్రం కొంచెం తక్కువనిపించవచ్చు. అదే డాంగిల్ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సగం వోల్టే ఇస్తుంది, అప్పుడు 96 దగ్గరే ఆగుతుంది. యాంప్లిఫయర్ వల్ల స్వరం మారిపోతుందనేది ఎక్కువగా ప్రచారమే, కావలసిన వోల్టేజీ అందితే చాలు. అయితే తమ్ముడూ, డీటీ 990 ఓపెన్ బ్యాక్. పైగా దాని పై శ్రుతులు బాగా పదును. వయొలిన్ రాత్రిపూట గుచ్చుకుంటుంది. ధర తక్కువని కూలర్ సంగతి మరిచిపోకు.

కీచు శబ్దం మదర్‌బోర్డులోని ఆడియో భాగంలోకి ఛార్జర్ గోల చొరబడటం వల్ల వస్తుంది. ఛార్జర్ తీసి చూడు. ఆగిపోతే యూఎస్‌బీ డాంగిల్ సాధారణంగా దాన్ని వదిలిస్తుంది. మన పాత ఇళ్లలో మూడో రంధ్రానికి ఎర్తింగ్ ఉండదు, ప్లగ్గులో కనిపించినా వెనుక తీగ ఉండకపోవచ్చు. ఇంటి యజమానిని అడిగి అది సరిచేయించుకో, అది శబ్దం కోసమే కాదు.

గోదావరిఖని గని ఉద్యోగి

సింగరేణిలో యంత్రాల మధ్య పని చేసేవాణ్ని గనుక నా ఆలోచన వాల్యూమ్ మీదికే పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం 80 డెసిబెళ్ల శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చు, 90 డెసిబెళ్లయితే వారానికి 4 గంటలే. ప్రతి 3 డెసిబెళ్లకూ సమయం సగమవుతుంది. రోజూ మూడు గంటలు ఆడేవారు 90లో వింటే రెండో రోజుకే వారం కోటా దాటిపోతుంది. క్లోజ్డ్ బ్యాక్ అయినా ఐఈఎం అయినా బయటి హోరును ఎంత ఆపితే అంత తక్కువ వాల్యూమ్‌లో పని జరుగుతుంది. నా దృష్టిలో కొనుగోలుకు అదే మొదటి కారణం. ఆట ముగిశాక చెవిలో గుయ్యిమంటుంటే వాల్యూమ్ ఎక్కువైనట్టే. ఆ గుయ్యిమనడం రోజుల తరబడి పోకపోతే చెవి వైద్యుడికి చూపించుకోవాలి.

నయీంనగర్ విద్యార్థి

డీటీ 990 వద్దనుకున్నాను. ముందు సాల్‌నోట్స్ జీరో, చొక్కా మైకు తీసుకుని ఆటకు వాడతాను, మిగిలిన డబ్బుకు కొంత కలిపి చదువుకునే వేళల కోసం ఎం40ఎక్స్ కొంటాను. నా కంప్యూటర్‌కు మైకుకొకటి, హెడ్‌ఫోన్‌కొకటి వేర్వేరు రంధ్రాలున్నాయి, ఫోన్‌కు టైప్ సీ మాత్రమే ఉంది. ఇంకేమైనా కొనాలా?

కరీంనగర్ ఆటగాడు

చొక్కా మైకు పిన్నుకు మూడు నల్ల గీతలుంటే అది ఫోన్ల కోసం చేసినది, కంప్యూటర్ మైకు రంధ్రంలో నేరుగా పని చేయకపోవచ్చు. మైకునూ హెడ్‌ఫోన్‌నూ విడదీసే చిన్న స్ప్లిటర్ తీసుకోండి, చాలా చవక. ఫోన్‌కు డాంగిల్ కొనేటప్పుడు లోపల డాక్ (డిజిటల్ సంకేతాన్ని హెడ్‌ఫోన్‌కు పనికొచ్చేలా మార్చే చిప్) ఉందో లేదో తప్పకుండా అడగండి; డాక్ లేని చౌక డాంగిళ్లు కొన్ని ఫోన్లతోనే పలుకుతాయి. వచ్చాక వాలరెంట్ ప్రాక్టీస్ మైదానంలో హెచ్‌ఆర్‌టీఎఫ్ వేసి, విండోస్ సోనిక్ వంటి సరౌండ్ అమరికలు ఆపేసి, కొన్ని రోజులు అదే అమరికతో ఆడండి. చెవి అలవాటు పడకముందే ఈక్వలైజర్ తిప్పడం మొదలుపెడితే ఏది హెడ్‌ఫోన్ గుణమో ఏది మీ తిప్పుడో తెలియకుండా పోతుంది.